ఉమ్మడి తొట్టిలో కరిగిన పూచీ

పటాన్‌చెరు పరిశ్రమలు కలిసి 1994లో ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రాన్ని, పటాన్‌చెరు ఎన్విరోటెక్‌ను, నెలకొల్పాయి. సొంత ప్లాంటు కట్టుకునే స్తోమత లేని చిన్న యూనిట్లకు అది అవసరమే. తప్పు ఆలోచనలో లేదు. ముప్పు వస్తే ఎవరు జవాబు చెప్పాలో తేల్చకుండా నడపడంలో ఉంది.

2007లో వెలువడిన స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన ఆ లోపాన్ని బయటపెట్టింది. శుద్ధి అయ్యాక ఆ కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. అప్పట్లో సుమారు 90 మందుల తయారీ యూనిట్ల నీళ్లు అక్కడికి చేరేవి. అన్నీ ఒకే తొట్టిలో కలిశాక ఏది ఎవరిదో ఎవరు చెప్పగలరు? పైగా మురుగును విడగొట్టేది బ్యాక్టీరియా. దాన్ని చంపే మందే తొట్టిలో పడితే ఒక్క యూనిట్ నిర్లక్ష్యం మిగతా అందరి శుద్ధినీ చెడగొడుతుంది.

దాని ఫలం అనుభవించింది నక్కవాగు, అది కలిసే మంజీర, కంది మండలంలోని ఆరుట్ల, చిద్రుప్ప వంటి ఊళ్ల రైతులు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన ఈ కాలుష్యం కేసు హరిత ట్రైబ్యునల్‌లో తేలేసరికి 2017 వచ్చింది. ఒక తరం రైతుల సేద్యం ఆ వాయిదాల్లోనే గడిచిపోయింది.

కేసు నడుస్తుండగానే శుద్ధి కేంద్రం వదిలే నీటిని పైపులైనులో అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు. నక్కవాగుకు కొంత ఊరట దక్కింది, నిజమే. కానీ నగర మురుగునీటిలో కలిశాక ఆ మందుల ఆనవాలు పట్టుకోవడం మరింత కష్టం. గొలుసులో ఇంకో సంస్థ చేరింది, పూచీ ఇంకాస్త పలచబడింది.

కొలత నీళ్లు కలవకముందే జరగాలి. వ్యర్థజలాలు మోసే ట్యాంకరు ఫ్యాక్టరీ గేటు దాటకముందే నమూనా తీయాలి, ఆ ఫలితం యూనిట్ పేరుతో ప్రజలకు కనబడాలి. శుద్ధి ఖర్చు నీటి పరిమాణాన్ని బట్టే కాక, అందులోని విషాన్ని బట్టి కూడా పడాలి. లేకుంటే జాగ్రత్తపడే యూనిట్ నిర్లక్ష్యపు యూనిట్ బిల్లు కడుతుంది. పరీక్షల ఖర్చు చిన్న యూనిట్లకు భారమైతే ప్రభుత్వం సాయపడాలి. కందిలోనే ఐఐటీ ఉంది. స్వతంత్ర తనిఖీని దానికి అప్పగించవచ్చు.

యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. జలచట్టం కింద సొంతంగా ప్రమాణాలు నిర్ణయించే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. ఢిల్లీ వైపు చూడకుండా తెలంగాణ మండలి ఆ పరిమితుల్ని ఈ ఏడాదే అమలులోకి తేవాలి.