చేపపిల్లకు తల్లిదండ్రులు ఎవరు?

కైకలూరు నుంచి ఏ రోడ్డు పట్టినా కనుచూపు మేర చెరువులే. ఒకప్పుడు వరి పండిన పొలాల్లో నేడు శీలావతి, బొచ్చె పెరుగుతున్నాయి. తెల్లవారకముందే వలలు లాగి, తూకం వేసి, ఐసు కొట్టి లారీకెత్తితే ఆ సరుకు హౌరాకు, అస్సాంకు చేరుతుంది. చేపల ఉత్పత్తిలో దేశంలోనే ఆంధ్రప్రదేశ్ ముందు నిలవడానికి కొల్లేటి చుట్టూ వున్న ఈ గ్రామాల కష్టం ఎంతో వుంది. ఇంత చేస్తున్న రైతు, చెరువులో తాను వదిలే పిల్ల ఎక్కడ పుట్టింది, దాని తల్లి ఎలాంటిది అన్న మాట మాత్రం అడగడం లేదు. ఒకవేళ అడిగినా చెప్పే నాథుడు లేడు.

వరి విత్తనం కొనేటప్పుడు ఇదే రైతు బస్తా తిప్పి చూస్తాడు. రకం పేరేమిటి, మొలక శాతమెంత, చీటీ కుట్టారా లేదా అని ఆరా తీస్తాడు. గేదెను కొనేవాడు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందో అడగకుండా బయానా ఇవ్వడు. చేపపిల్ల దగ్గరకు వచ్చేసరికి లెక్క, సైజు, రేటు, ఈ మూడింటితో బేరం ముగుస్తుంది. పది నెలలు మేత పోశాక చేప కిలో తూగకపోతే నీళ్లను తిడతారు, మేతను తిడతారు, మందుల దుకాణాన్ని తిడతారు. పిల్లను పుట్టించిన తల్లి చేప సంగతి ఎవరికీ తట్టదు. లీజు సొమ్ము, మేత అప్పు మాత్రం రైతు నెత్తిమీదే వుంటాయి.

అసలు చెరువు చేపకు విత్తనం అనేదే ఒకనాడు లేదు. శీలావతి, బొచ్చె, మోసు నదిచేపలు. వానకాలంలో వరదనీరు పొంగి ఒడ్డు ముంచినప్పుడే అవి గుడ్లు పెడతాయి. చెరువులో వుంచితే కడుపునిండా గుడ్లు పెంచుకుంటాయి గాని విడవవు. అందుకే పూర్వం నదుల్లో వరదకు కొట్టుకువచ్చే చిరుపిల్లలను సన్నవలలతో పట్టి, కుండల్లో పోసి రైళ్లలో దూరప్రాంతాలకు పంపేవారు. వాటిలో సగం దారిలోనే చచ్చేవి. మిగిలినవాటిలో పనికివచ్చేవెన్నో, తోటిపిల్లలను మింగే వాలుగలెన్నో చెరువులో పెరిగాక గాని తెలిసేది కాదు.

ఈ చిక్కును విప్పినవారు డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆయనతో పనిచేసిన శాస్త్రజ్ఞులు. చేప మెదడు అడుగున పీయూష గ్రంథి అని ఆవగింజంత గ్రంథి వుంటుంది. గుడ్లు విడవమని ఆజ్ఞ ఇచ్చేది అదే. ఒక చేప గ్రంథిని తీసి, నూరి, ఆ రసాన్ని మరొక చేపకు సూదిమందుగా ఎక్కిస్తే వరద రాకపోయినా అది గుడ్లు పెడుతుందా అన్నది వారి పరీక్ష. బ్రెజిల్ వంటి దేశాల్లో 1930లలోనే ఇటువంటి ప్రయోగాలు జరిగాయి గాని మన శీలావతి జాతి చేపలకు అది కుదరలేదు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో కుదిరింది. నదికి ఎదురుచూడవలసిన అవసరం ఆ రోజుతో తీరింది. తరువాత చైనా పద్ధతి గుండ్రని తొట్లు వచ్చాయి. గ్రంథుల కోసం చేపల తలలు చీల్చే పనిలేకుండా ఒక్క మోతాదుతో సరిపోయే మందులు వచ్చాయి. నేడు ఊరూరా హేచరీ వున్నదంటే ఆ సూదిమందు చలవే.

చిక్కు కూడా అక్కడినుంచే మొదలైంది. శీలావతి తల్లి చేప కిలో బరువుకు రెండు లక్షలకు పైగా గుడ్లు పెట్టగలదు. మూడు కిలోల తల్లులు కొద్దిపాటి వుంటే చాలు, ఒక హేచరీ గిరాకీ తీరిపోతుంది. అలాంటప్పుడు వందలాది తల్లిచేపలను, పోతులను మేపే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఆ కొద్ది తల్లుల పిల్లల్లోనుంచే మరుసటి తరం తల్లులను, పోతులను ఏరుకుంటారు. అన్నాచెల్లెళ్లే ఆలుమగలవుతారు. మేనరికాలకు మనుషులే వెనుకాడుతున్న ఈ రోజుల్లో చేపల మధ్య అంతకంటే దగ్గరి సంబంధాలు తరం తరువాత తరం కలిసిపోతున్నాయి. పెరుగుదల మందగించడం, వంకర పిల్లలు పుట్టడం, రోగం రాగానే గుంపుగా పోవడం దీని ఫలితాలు.

ఇంకొక పొరపాటు కూడా వుంది. బాగా పెరిగిన చేపకు బజారులో ధర వుంటుంది గనుక దాన్ని లారీకెత్తుతారు. మిగిలిపోయిన చిన్నవే తల్లులవుతాయి. తొలకరికి ముందే పిల్ల అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని తొందరగా గుడ్డుకు వచ్చేవాటినే వాడతారు. ఎవరూ కావాలని చేయకపోయినా నెమ్మదిగా పెరిగే జాతిని మనమే తయారుచేసుకుంటున్నాం. పొలంలో మంచి కంకులు మరకు పంపి తాలుగింజలు విత్తనానికి దాచుకున్నట్లుంది ఈ వరస. కర్ణాటక హేచరీలను పరిశీలించి ఏక్‌నాథ్, డాయిల్ అనే శాస్త్రజ్ఞులు 1990లోనే ఈ ప్రమాదాన్ని అచ్చులో పెట్టారు. హేచరీ యజమానులను దొంగలుగా చూడనక్కరలేదు. చీకట్లో వ్యాపారం చేస్తున్నది వారూ రైతులూ కూడా.

దీనికి విరుగుడు లేకపోలేదు. భువనేశ్వర్ పక్కన కౌశల్యాగంగలో వున్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రజ్ఞులతో కలిసి శీలావతి జాతిని బాగుచేసే పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలను తెచ్చి తమ క్షేత్రంలోని చేపలతో కలిపారు. ఒక్కొక్క జంట పిల్లలను విడిగా పెంచి, కొంత ఎదిగాక వడ్లగింజ కంటే కాస్త పెద్దదైన గుర్తును ఒంట్లోకి ఎక్కించి, అన్నింటినీ ఒకే చెరువులో వదిలారు. నీరు ఒకటే, మేత ఒకటే. ఇక ఎక్కువ పెరిగిందంటే అది జాతి గుణమే. అలా ముందుకు వచ్చిన కుటుంబాల నుంచి, రక్తసంబంధం లేకుండా చూసి తరువాతి జంటలు కట్టారు. తరానికి సగటున 17 శాతం చొప్పున పెరుగుదల హెచ్చింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా 1997లో దానికి ‘జయంతి’ అని పేరు పెట్టారు. బొచ్చెలోనూ ఇప్పుడు ‘అమృత్ కట్లా’ అనే మేలురకం వచ్చింది.

అయితే జయంతి అని చెప్పి అమ్మే ప్రతి పిల్లా జయంతి కాదు. మేలురకం తల్లులను ఒకసారి తెచ్చుకుని, పాత పద్ధతిలోనే దగ్గరి సంబంధాలు కలుపుతూ పోతే నాలుగు తరాల్లో మళ్లీ మొదటికే వస్తుంది. పేరు మిగులుతుంది, గుణం పోతుంది.

ఈ ప్రాంత రైతులకు తెలివితేటలు తక్కువని ఎవరూ అనలేరు. పై పొరలో బొచ్చె, నడుమ శీలావతి, అడుగున మోసు అంటూ మూడు రకాలు కలిపి పెంచమని శాస్త్రజ్ఞులు చెప్పారు. బజారు ధర చూసుకుని మోసును తగ్గించి శీలావతిని ముఖ్యం చేసింది ఇక్కడి రైతే. పిల్లను ఏడాదిదాకా ఇరుకు చెరువులో అరకడుపు మేతతో వుంచి, తరువాత పెద్ద చెరువులో వదిలితే ఆబగా తిని పెరుగుతుందని కనిపెట్టిందీ రైతే. తవుడును చిల్లుల సంచుల్లో నింపి తాడుకు వేలాడదీసే పద్ధతిని ఇక్కడి చెరువుగట్ల మీదనే పరిశోధకులు చూసి రాసుకున్నారు. ఇన్ని కనిపెట్టినవారికి తల్లిచేప విషయం అర్థంకాక కాదు. గుడ్డు పెట్టే చోటు వారి కంటికి కనపడదు, అంతే.

హేచరీలకు రిజిస్ట్రేషన్, పిల్ల నాణ్యతకు తనిఖీ వుండాలని 2006లోనే రాష్ట్రంలో ఆక్వా విత్తన నాణ్యత చట్టం చేశారు. చట్టం పుస్తకంలో వుంటే పిల్ల కిలో తూగదు. ప్రతి హేచరీలో తల్లిచేపల పుస్తకం ఒకటి వుండాలి. తల్లులు ఎన్ని, పోతులు ఎన్ని, ఎక్కడినుంచి ఏ సంవత్సరం తెచ్చారు, ఏ రోజు ఏ జంటకు మందు ఎక్కించారు అన్నవి అందులో రాయాలి. పెద్ద చదువు అక్కరలేదు, పాలకేంద్రంలో రాసే పుస్తకం పాటి పని. రెండు మూడేళ్లకొకసారి దూరపు హేచరీలతో పోతులను మార్చుకోవాలి. కౌశల్యాగంగ నుంచి మేలురకం పిల్లను తెచ్చి తల్లులుగా పెంచే భారం మాత్రం ప్రభుత్వ చేపపిల్లల క్షేత్రాలే మోయాలి. తల్లిచేప తయారుకావడానికి రెండేళ్లు పైబడుతుంది, అంతకాలం మేపి కూర్చునే ఓపిక చిన్న హేచరీకి వుండదు.

రైతులు కూడా ఒక పని చేయవచ్చు. ఒకే గట్టు కింద రెండు చెరువులున్నవారు రెండు హేచరీల పిల్లను విడివిడిగా వేసి, ఒకే మేత పోసి, నెలనెలా వలేసి తూచిన బరువులు రాసిపెట్టుకోవాలి. ఊరికి నలుగురు ఆ లెక్కలు రచ్చబండ దగ్గర పెడితే ఏ హేచరీ సంగతి ఏమిటో రెండు పట్టుబడుల్లో బయటపడుతుంది.

అంగుల్‌లో సూదిమందు ఫలించిన జూలై 10వ తేదీని ఏటా జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. మత్స్యశాఖ ఆ రోజు సభలు పెడుతుంది, ఉపన్యాసాలు వుంటాయి, శాలువాలు కప్పుతారు. రాబోయే జూలైలో ఆ సభకు వచ్చే హేచరీలవారు తమ తల్లిచేపల పుస్తకాలను వెంట తేవాలని అధికారులు ముందుగానే కబురు పెడితే, వెనుక వరుసల్లో నిలబడే రైతులు కూడా ముందుకు వచ్చి కూర్చుంటారు.