మాటకు వాక్యమే ఊరు

గోస్పాడు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో వాన వెలిశాక రైతు పిడికెడు మట్టి పిసికి చూసి 'పదునైంది' అంటాడు. గొర్రు కట్టొచ్చునని అర్థం. ఆ పదును ఆరకముందే విత్తనం పడాలి. 'పదును' అంటే కత్తికుండేదే అని నేర్చుకున్న పిల్లవాడు ఈ మాటను ఇంగ్లీషులోకి మారిస్తే నేల మీద అంచులు మొలుస్తాయి.

ఇంగ్లీషు మాటను స్పానిష్‌లో ఏమంటారని ఫోన్‌ని అడిగే కుర్రకారుకూ ఇదే చిక్కు. ఇంగ్లీషువాడి 'నో' (know)కు స్పానిష్‌లో రెండు మాటలున్నాయి. సంగతి తెలిస్తే 'సబేర్', మనిషి తెలిస్తే 'కొనోసేర్'. మనకు 'ఎరుగుదు' ఉన్నా ఇప్పుడు రెండింటికీ 'తెలుసు'తోనే సరిపెట్టుకుంటున్నాం. ఏ మాట ఎక్కడ పొసగుతుందో చెప్పేది పక్కనున్న వాక్యమే.

ఈ సంగతి పట్టుకున్న మనిషి మరియా మోలినేర్. ఆమె స్పెయిన్‌లో గ్రంథాలయ ఉద్యోగిని. ఉద్యోగం చేసుకుంటూనే ఇంట్లో కూర్చుని చీటీలు రాసుకుంది. సుమారు పదిహేనేళ్ల శ్రమ తరువాత 1966–67లో స్పానిష్ వాడుక నిఘంటువును రెండు సంపుటాలుగా తెచ్చింది. రాయల్ అకాడమీ నిఘంటువు ఉండగానే ఇంకొకటి ఎందుకంటే, అందులో మాట అర్థం ఉంది కానీ దాన్ని వాడే తీరు చాలలేదు. 1972లో అకాడమీ సభ్యత్వానికి ఆమె పేరు ప్రతిపాదించారు, ఎన్నుకోలేదు. నష్టపోయింది అకాడమీయే.

మనకూ ఒక ఇంగ్లీషు దొర, సి.పి. బ్రౌన్ ఉన్నాడు. 1820లో కడప చేరాడు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల తాలూకా అప్పట్లో కడప జిల్లాలోదే. సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. కవుల ప్రయోగాల పక్కనే జనం నోటి మాటకూ చోటిచ్చాడు. కచేరీల్లో కలిసిపోయిన హిందుస్తానీ, పారసీ, ఇంగ్లీషు మాటలను వెలివేయకుండా వాటికోసం 1854లో మిశ్రభాషా నిఘంటువు కట్టాడు. తరువాత 1885లో శబ్దరత్నాకరం వచ్చింది, 1936 నుంచి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు వెలువడ్డాయి. పాండిత్యంలో గొప్పవే, ఎవరూ కాదనరు. కానీ వాటి చూపంతా గ్రంథాల మీదే. చేలో మనిషి మాట గడప బయటే నిలబడింది.

దాన్ని లోపలికి పిలిచినవారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. జిల్లా జిల్లా తిరిగి పోగుచేసిన వ్యవసాయ పదాలతో 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. సీమ రైతు మడక, కోస్తా రైతు నాగలి ఒకే పుస్తకంలో కలుసుకున్నాయి. అయితే ఆ పని వృత్తిపదాలది. కోపం, వెటకారం, బుజ్జగింపు, అంగడి బేరం ఇందులోకి రావు. పైగా 1962 నాటి పనిముట్లలో చాలావాటిని ట్రాక్టరు మూలన పెట్టింది.

తెలుగుకు పూర్తి వాడుక నిఘంటువు కావాలి. విశ్వవిద్యాలయాలు పూనుకునే దాకా ఆగనక్కర లేదు. గోస్పాడు, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల ఉపాధ్యాయులకు ఒక విన్నపం: మీ బడి పిల్లలచేత ఇంటి పెద్దల మాటలు రాయించండి. ఉత్త పదం వద్దు. అది పలికిన వాక్యం మొత్తం, ఊరి పేరు, పలికినవారి వృత్తి కావాలి. ఆ చీటీలు మాకు పంపండి. వచ్చే సంచిక నుంచి వాటికి ఒక పేజీ కేటాయిస్తున్నాం.