బోరు నీళ్ల లెక్క రైతు చేతికి రావాలి

భూసార పరీక్ష కార్డు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. మరి బోరు నీళ్లలో యురేనియం ఎంతుందో చెప్పే కాగితం ఉందా?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల అరటి, చీనీ రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. వ్యర్థాల చెరువు ఊట దిగి బోర్లు పాడయ్యాయని వారంటారు. గని సంస్థ కాదంటుంది. అక్కడి రాళ్లలోనే యురేనియం ఉన్నమాటా నిజమే. మాటలతో తేలేది కాదిది, కొలవాలి.

కొలిచే సాధనం ఉంది. పేరు లేజర్ ఫ్లోరిమీటరు. నీళ్లలో సోడియం పైరోఫాస్ఫేట్ ద్రావణం కలిపి అతినీలలోహిత లేజర్ కాంతి కొడితే, యురేనియం ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరుపును బట్టి లెక్క కడతారు. లీటరులో ఒక్క మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలో వంతు ఉన్నా పట్టేస్తుంది. లేజర్ బదులు ఎల్ఈడీ దీపంతో పనిచేసేవీ మన దేశంలోనే తయారవుతున్నాయి. చిన్న పెట్టె, జీపులో వేసుకుని పొలం గట్టుకే తేవచ్చు. మరి ఎందుకు తేరు?

ఇందులో ఒక మెలిక ఉంది. నీళ్లలో ఇనుము, ఉప్పు ఎక్కువుంటే మెరుపు తగ్గి, యురేనియం తక్కువున్నట్టు కనిపిస్తుంది. అందుకే 'తెలిసినంత యురేనియం కలిపి మళ్లీ సరిచూశారా?' అని అడగండి. సారు ఏమనుకుంటాడోనని మొహమాటపడొద్దు.

'పరిమితికి లోబడి ఉంది' అని రాసిస్తే ఒప్పుకోకండి. ఎవరి పరిమితి? తాగునీటికి అణుశక్తి నియంత్రణ మండలి 2004లో పెట్టిన హద్దు లీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో 30 అంది. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2021లో 30కే వచ్చింది. 45 వచ్చిన బోరు ఒక లెక్కన మంచిది, ఇంకో లెక్కన చెడ్డది! కాబట్టి చీటీ మీద అంకె పడాల్సిందే.

సంగతి బయటికొస్తే గెలలు కొనేవాళ్లు వెనక్కి పోతారని కొందరి భయం. కాదనను. కానీ ఆ నీళ్లే ఇంట్లో పిల్లలూ తాగుతున్నారు. యురేనియం దెబ్బ ముందు మూత్రపిండాల మీద పడుతుంది. రంగు, రుచి మారవు. కాచినా పోదు.

ఒక్కసారి పరీక్షతో సరిపోదు. చెరువుకు ఎగువ బోర్లలో, దిగువ బోర్లలో వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి. దిగువన ఏటేటా పెరుగుతూ, ఎగువన ఉన్నట్టే ఉంటే అప్పుడు మాట్లాడేందుకు రైతుకు ఆధారం దొరుకుతుంది. గ్రామసభలో ఈ మాట అడిగి తీర్మానం రాయించండి. మోటారు పది నిమిషాలు ఆడాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు రెండు నింపించండి. తేదీ, సర్వే నంబరు, బోరు లోతు రాయించి, ఒకటి వాళ్లకివ్వండి. రెండోది సీలు వేయించి మీ దగ్గరే ఉంచుకోండి.