పర్యావరణ రిపోర్టు మనకెందుకు అనుకోవద్దు



కామాటిపుర రీడెవలప్‌మెంట్ గురించి మన గ్రూపులో రోజూ మాటలు నడుస్తున్నాయి. ఎన్ని చదరపు అడుగులు ఇస్తారు, ట్రాన్సిట్‌లో ఉన్నన్నాళ్ళు భాడా ఎంత వస్తుంది, పగిడీ కాగితాలు సరిగ్గా లేనివాళ్ళ సంగతేంటి? ఇవన్నీ అడగాల్సినవే. ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా రావడం లేదు. ఇంత పెద్ద పని వల్ల మన గాలికి, వెలుతురుకు, నీళ్ళకు, మోరీలకు ఏమవుతుందో ఎవరు లెక్క చూస్తున్నారు? ఆ లెక్కకే పర్యావరణ ప్రభావ అంచనా అని పేరు. ఈఐఏ అంటారు. దాని గురించి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికతో చదవండి.

ముందే ఒక మాట చెప్పుకుందాం. మేము రీడెవలప్‌మెంట్‌కు అడ్డం కాదు. 2017 ఆగస్టు 31న భెండీ బజార్‌లో హుస్సేనీ బిల్డింగ్ కూలి 33 మంది చచ్చిపోయారు. అది మనకు నడిచిపోయేంత దూరం. మన చాళ్ళు కూడా టేకు లతో, ఇనుప గడ్డర్లతో ఎన్నాళ్ళు నిలబడతాయి? వానాకాలం వస్తే పైకప్పు చూస్తూ పడుకునే ఇళ్ళు ఎన్ని లేవు? కొత్త ఇల్లు రావాలి. మన ఆడవాళ్ళకు సొంత సండాసు రావాలి. అందులో రెండో మాట లేదు. ఆ కొత్త ఇల్లు బతకడానికి పనికొచ్చేలా ఉండాలన్నదే మా మాట.

మ్హాడా లెక్క ప్రకారం 34 ఎకరాలు, ఒకటో గల్లీ నుంచి పదిహేనో గల్లీ దాకా, 943 సెస్ బిల్డింగులు, ఇళ్ళూ దుకాణాలూ కలిపి 8,001 మంది హక్కుదార్లు. వీళ్ళందరినీ టవర్లలోకి ఎక్కించి, ఖర్చు రాబట్టుకోవడానికి అదే జాగాలో అమ్మకానికి ఇంకా టవర్లు కడతారు. అంటే జాగా అంతే, మనుషులు మాత్రం ఎక్కువ. నీళ్ళు, మురుగు, బండ్లు, కరెంటు, చెత్త అన్నీ ఎక్కువ.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. పెద్ద ప్రాజెక్టులకు ముందుగా పర్యావరణ పరీక్ష అనే పద్ధతి అమెరికాలో 1970లో మొదలైంది. మన దేశంలో 1994లో నోటిఫికేషన్ వచ్చింది. దాని బదులు వచ్చిన 2006 నోటిఫికేషనే ఇప్పుడు నడుస్తున్నది. దాని ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన ఏ కట్టడానికైనా పునాది తవ్వకముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. కట్టే ఏరియా 1,50,000 చదరపు మీటర్లు దాటితే దాన్ని టౌన్‌షిప్ లెక్కలో వేస్తారు. మన 34 ఎకరాలంటే నేల మీదనే 1,37,000 చదరపు మీటర్ల పైచిలుకు. దాని మీద ఎన్నో అంతస్తుల టవర్లు లేస్తే ఏ లెక్కలో పడుతుందో మీరే చెప్పండి. అనుమతి ఇచ్చేది రాష్ట్ర స్థాయి అథారిటీ.

అసలు విషయం ఇక్కడుంది. డ్యాములకు, గనులకు, ఫ్యాక్టరీలకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. కలెక్టర్ లేదా ఆయన తరపు అధికారి కూర్చుంటారు, జనం లేచి మాట్లాడతారు, అది రికార్డవుతుంది. కట్టడాలకు, టౌన్‌షిప్‌లకు మాత్రం అదే నోటిఫికేషన్ ఈ సభ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. ఖాళీ పొలంలో లేఅవుట్ వేసేవాడికి అది సరిపోతుందేమో. వేల కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్న బస్తీకి కూడా అదే లెక్క! మన గల్లీల మీద రిపోర్టు రాస్తారు, మనల్ని అడగాలని చట్టంలో లేదు.

రైల్వేలో పని చేసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. రైలు లైన్లు ఆ నోటిఫికేషన్ జాబితాలోనే లేవు. మెట్రోకు ఆరే కాలనీలో 2019 అక్టోబరులో రాత్రికి రాత్రి చెట్లు నరికినప్పుడు అంత గొడవ అయింది కదా. ఆ మెట్రోకు ఈ నోటిఫికేషన్ కింద అనుమతి అవసరమే లేదు. కాబట్టి చట్టం ఉంది, అదే చూసుకుంటుందిలే అని కూర్చుంటే కాదు.

ఊరి ముచ్చట కూడా చెప్పుకోవాలి. మనలో చాలామంది తాతలు పాలమూరు నుంచి వచ్చినవాళ్ళే. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చేశారు. ఇది తాగునీటి పని అంటూ పర్యావరణ అనుమతి లేకుండానే తవ్వకాలు నడిపారు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది 2021లో. అప్పటికి కాలువలు, రిజర్వాయర్ల పని ఎంతో దూరం పోయింది. జడ్చర్ల దగ్గర ఉదండాపూర్‌వాళ్ళను అప్పుడు అడిగి ఏం లాభం? 2021 అక్టోబరులో గ్రీన్ ట్రిబ్యునల్ పని ఆపమంది. 2022 డిసెంబరులో పాలమూరు, డిండి పథకాల మీద కలిపి సుమారు 920 కోట్ల జరిమానా వేసింది. తర్వాత సుప్రీంకోర్టు జరిమానా మీద స్టే ఇచ్చి, తాగునీటి పనుల వరకు ఒప్పుకున్నది. పోలవరం కథా ఇలాంటిదే. ఆంధ్రలో సభలు పెట్టారు, మునిగే ఊళ్ళున్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో పెట్టలేదు. అందుకని 2007 డిసెంబరులో అప్పీలు అథారిటీ ఆ అనుమతినే రద్దు చేసింది. తర్వాత హైకోర్టు స్టే ఇచ్చింది.

ఈ రిపోర్టు గిపోర్టు అంటే ప్రాజెక్టు లేటవుతుందని మనవాళ్ళే కొందరు అంటున్నారు. వాళ్ళ భయం మాకు అర్థమవుతుంది. ముసలివాళ్ళు కొత్త ఇల్లు చూసి పోవాలనుకుంటారు. అయినా పాలమూరులో పని ఆగింది రిపోర్టు రాసినందుకు కాదు, ముందు రాయనందుకు. సగం కూల్చిన తర్వాత కోర్టు ఆపితే ట్రాన్సిట్ క్యాంపులో ఇరుక్కునేది అధికారులు కాదు, మనం. ట్రాన్సిట్‌కు పోయి ముప్పై ఏళ్ళయినా తిరిగి రాని కుటుంబాలు ఈ ముంబైలో ఉన్నాయని అందరికీ తెలుసు.

సరిగ్గా లెక్క చూడకుండా కడితే ఏమవుతుందో గోవండీ పోయి చూడండి. లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్‌లలో జోపడాల నుంచి తెచ్చినవాళ్ళకు బిల్డింగులు కట్టించారు. బిల్డింగుకు బిల్డింగుకు నడుమ సందు చాలా తక్కువ. కింది అంతస్తుల్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. డాక్టర్స్ ఫర్ యూ సంస్థ, ఐఐటీ బాంబే వాళ్ళు కలిసి చేసి 2018లో బయటపెట్టిన అధ్యయనంలో, ఎండ గాలి రాని ఇళ్ళలో టీబీ ఎక్కువని తేలింది. అవీ పక్కా ఇళ్ళే, సొంత సండాసు ఉన్న ఇళ్ళే. వర్లీ బీడీడీ చాళ్ళలో 160 అడుగుల ఖోలీ బదులు 500 అడుగుల ఇల్లు వచ్చింది, 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. మన చుట్టాలు కూడా అక్కడ ఉన్నారు, సంతోషం. కానీ నవీ ముంబై ఆలోచన చేసిన ఇంజనీరు శిరీష్ పటేల్ ఆ ప్లాన్‌లో పాతవాళ్ళ టవర్లను మరీ దగ్గర దగ్గర ఇరికించారని బతికున్నన్నాళ్ళు మొత్తుకున్నారు. అడుగుల లెక్క ఒకటే చూస్తే వెలుతురు లెక్క తప్పుతుంది.

మన నేల సంగతి మనకు తెలియదా? హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు నీటిని ఆపక ముందు ఇదంతా నీళ్ళు నిలిచే పల్లం. ఆ పల్లంలో ఇళ్ళు వేసుకుని, ఈ పట్నం రోడ్లూ మేడలూ కట్టిన కూలీలు మన కామాటీలు. అందుకే ఈ పేరు. ఈ పట్నం పాత మోరీలు గంటకు 25 మిల్లీమీటర్ల వాన లెక్కతో కట్టినవి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. పల్లంలో నేల కింద రెండు మూడు అంతస్తుల పార్కింగ్ తవ్వి, పైన అంతా కాంక్రీటు వేస్తే వాన నీళ్ళు ఎటు పోతాయి?

కాబట్టి మన సంఘం తరపున ఈ ప్రశ్నలు రాసి ఇవ్వాలని మా అభిప్రాయం.

1. మన టవర్లకు, అమ్మకం టవర్లకు నడుమ దూరం ఎంత? కింది అంతస్తుల ఇళ్ళలో రోజుకు ఎన్ని గంటల ఎండ పడుతుంది?

2. వాన నీళ్ళ మోరీ, మురుగు లైను కొత్తగా వేస్తారా, పాతవాటికే కలుపుతారా? ఖర్చు ఎవరిది?

3. 943 బిల్డింగులు కూల్చిన మట్టీ రాళ్ళూ ఎక్కడ పోస్తారు? పక్క గల్లీలో ఇంకా జనం ఉండగానే కూల్చేటప్పుడు దుమ్ము ఎలా ఆపుతారు? దమ్ము ఉన్న ముసలివాళ్ళు, చిన్న పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు.

4. కారు పార్కింగ్ ఎన్నింటికి? బెల్లాసిస్ రోడ్డు, మౌలానా ఆజాద్ రోడ్డు ఇప్పుడే కదలడం లేదు.

5. హక్కుదార్ల లిస్టులో పేరు లేనివాళ్ళు, భాడాకు ఉన్నవాళ్ళు, చిన్న కార్ఖానాల్లో పడుకునే కూలీలు, ఈ గల్లీల్లో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళు ఎటు పోతారు? వాళ్ళూ మన పక్కింటివాళ్ళే. రిపోర్టులో సామాజిక ప్రభావం అనే భాగం ఉంటుంది. అందులో వీళ్ళ సంగతి రాయాలి.

ఇంకో ముఖ్యమైన అడుగు భాష గురించి. 2020లో కేంద్రం ఈఐఏ నియమాలు మార్చాలని ముసాయిదా తెచ్చినప్పుడు, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న చెప్పింది. తెలుగు ఆ 22లో ఒకటి. తమిళ మీడియంలో చదివిన మాలాంటివాళ్ళకు బాగా తెలుసు, కాగితం మీద సంతకం పెట్టడం వేరు, అది అర్థం కావడం వేరు. మన అక్కలకు, అవ్వలకు మరాఠీ మాట్లాడటం వస్తుంది, నలభై పేజీల ఇంగ్లీషు రిపోర్టు చదవడం రాదు. సారాంశం మరాఠీ, తెలుగు, హిందీ, ఉర్దూలో ఇవ్వాలని అడుగుదాం. చట్టం సభ పెట్టకపోతే మనమే పెడదాం. మ్హాడావాళ్ళను, కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను పిలుద్దాం. వాళ్ళు చెప్పింది రాసి సంతకాలు తీసుకుందాం.

రెండు తారీఖులు గుర్తుంచుకోవాలి. అనుమతి కోసం దరఖాస్తు పెట్టగానే అది పరివేష్ అనే సర్కారు వెబ్‌సైటులో కనపడుతుంది. మన చదువుకున్న పిల్లలు వారానికి ఒకసారి చూసి చెప్పాలి. అనుమతి వచ్చిన తర్వాత అభ్యంతరం ఉంటే గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోవడానికి 30 రోజులే గడువు. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత ఎంత అరిచినా వినరు. కోర్టుకు పోవాలని మేము చెప్పడం లేదు. తలుపు ఎప్పుడు మూసుకుంటుందో తెలిసి ఉండాలంటున్నాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీని మీద తీర్మానం పెడతాం. అంతలోపు ప్రతి గల్లీ నుంచి ఒక అన్న, ఒక అక్క ముందుకు రండి. మీ గల్లీలో వానకు నీళ్ళు ఎంత ఎత్తు నిలుస్తాయి, నల్లా ఎన్ని గంటలు వస్తుంది, ఎన్ని ఇళ్ళలో దమ్ము, టీబీ రోగులున్నారు, ఈ మూడూ కాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. టీబీ ఉన్నవాళ్ళ పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. రేపు బయటి కన్సల్టెంట్ రాసే రిపోర్టు పక్కన పెట్టి చూడటానికి మన చేతిలో మన లెక్క ఉండాలి.