ట్యాగు ఒకటి, బిల్లు ఒకటి

ఫిల్మ్‌నగర్‌లో ఒక సూపర్‌మార్కెట్. సోమవారం పొద్దున పది గంటలు. ర్యాకులో అరలీటరు నెయ్యి డబ్బా కింద పసుపుపచ్చ ట్యాగు మీద 329 రూపాయలని ఉంది. కౌంటర్ దగ్గర బిల్లులో 365 పడింది. డబ్బా మీద అచ్చు వేసిన ఎమ్మార్పీ 380. ‘ర్యాకులో 329 అని ఉంది కదమ్మా’ అంటే, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి తెర వైపు చూసి, ‘ఆఫర్ నిన్నటికే అయిపోయింది సార్, ట్యాగు తియ్యలే’ అంది. సూపర్‌వైజర్ వచ్చాడు. ‘సిస్టంలో ఏ రేటుంటే అదే సార్’ అన్నాడు. తేడా 36 రూపాయలు. నా వెనక వరుసలో నలుగురు నిలబడి ఉన్నారు.

ఎమ్మార్పీకి మించి పైసా తీసుకోలేదు కాబట్టి, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి చూసినా ఎమ్మార్పీ నిబంధన కింద కేసు రాయడానికి ఏమీ ఉండదు. అయినా కొన్న మనిషి ఒక ధర చూసి బుట్టలో వేసుకున్నాడు, ఇంకో ధర కట్టాడు. మన కాపలా అంతా ఎమ్మార్పీ అనే కప్పు మీద ఉంది. పొరపాట్లు ఆ కప్పు కింద జరుగుతున్నాయి.

కప్పు మీద కాపలా

ప్యాకెట్ మీద ధర అచ్చు వేయాలన్న నియమానికి మూలం 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు. వాటి స్థానంలో లీగల్ మెట్రాలజీ చట్టం-2009, దాని కింద కొత్త ప్యాకేజీ నిబంధనలు 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ప్యాకెట్ సరుకును అచ్చు వేసిన ధరకు మించి అమ్మకూడదని, ఆ అంకెను చెరపకూడదని, దిద్దకూడదని 18వ నిబంధన చెబుతోంది. ఈ హక్కు జనానికి బాగానే ఒంటబట్టింది. 2018 ఆగస్టు 1 నుంచి మల్టీప్లెక్సుల్లో ప్యాకెట్ సరుకులు ఎమ్మార్పీకే అమ్మాలని తెలంగాణ తూనికలు కొలతల శాఖ ఆదేశించి, హైదరాబాద్‌లో తనిఖీలు చేసింది. అంతకు ఎనిమిది నెలల ముందు, 2017 డిసెంబరులో, హోటళ్లు రెస్టారెంట్లకు సుప్రీంకోర్టు వేరే దారి చూపింది. అక్కడ కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా కలిసి ఉంటుంది కాబట్టి నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని తేల్చింది. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 మీద ఒకే నీళ్ల సీసాకు కిరాణా కొట్లో ఒక ధర, రెస్టారెంట్ బల్ల మీద ఒక ధర ఉండటం వెనక సంగతి ఇదే.

ఈ గొడవలన్నీ ఎమ్మార్పీ చుట్టూ తిరిగినవే. కిరాణా కొట్టు కాలంలో అది చాలేది. ప్యాకెట్ మీద ఎంత ఉంటే అంత, తెలిసినవాడైతే రూపాయి తగ్గించేవాడు. త్రినేత్ర లాంటి దుకాణాలు హైదరాబాద్ మధ్యతరగతికి బుట్ట పట్టుకుని తిరగడం నేర్పాక లెక్క మారింది. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో చాలా సరుకులకు ఎమ్మార్పీ కొట్టివేసి చూపించే అంకె. అసలు ధర దాని కింద ఎక్కడో ఉంటుంది, వారానికోసారి మారుతుంది.

మూడు చోట్ల ధర

ఒకే వస్తువు ధర ఇప్పుడు మూడు చోట్ల ఉంటుంది: ప్యాకెట్ మీద, ర్యాకు ట్యాగు మీద, కంప్యూటర్‌లో. 890తో మొదలయ్యే బార్‌కోడ్‌లో ధర ఉండదు. ఆ గీతలు చెప్పేది ఫలానా కంపెనీ ఫలానా సరుకు అని మాత్రమే. ధర దుకాణం కంప్యూటర్‌లోని పట్టికలో ఉంటుంది. దాన్ని హెడ్డాఫీసులో ఎవరో ఒక్క మీట నొక్కి మార్చేస్తారు. ర్యాకు ట్యాగును మాత్రం ఒక కుర్రాడు వరుస వరుసా తిరిగి చేత్తో తీసి కొత్తది పెట్టాలి. ఆదివారం రాత్రి ఆఫర్ ముగిసి, సోమవారం పొద్దున ఆ కుర్రాడు ఇంకా బిస్కెట్ల వరుసలోనే ఉంటే, నెయ్యి దగ్గర పాత ధరే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. పాత స్టాకు, కొత్త స్టాకు రెండింటికీ బార్‌కోడ్ ఒకటే, ఎమ్మార్పీలు వేరు. స్కాన్ చేయగానే తెర మీద రెండు ధరలు వస్తాయి, క్యాషియర్ ప్యాకెట్ తిప్పి చూసి ఒకటి ఎంచుకోవాలి. శనివారం సాయంత్రం రద్దీలో ఎవరు తిప్పి చూస్తారు? పైన ఉన్నదాన్ని నొక్కేస్తారు. కూరగాయల దగ్గర కాటా మీద కోడ్ తప్పు కొడితే నాటు టమాటా కాస్తా హైబ్రిడ్ అవుతుంది. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్న సబ్బుల్లో రెండోది వేరే రంగుదైతే ఆఫర్ పడదు. ఒకే పెరుగు ప్యాకెట్ రెండుసార్లు ‘బీప్’ మంటుంది.

ఎమ్మార్పీ పూర్తిగా మూగబోయిన సందర్భాలూ చూశాం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది. నెయ్యి, వెన్న మీద 12 శాతం 5 అయింది. షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె మీద 18 శాతం 5 అయింది. పన్నుతో కలిపి 118 రూపాయలున్న షాంపూ 105కు దిగాలి. పాత సరుకు మీద కొత్త స్టిక్కర్ వేయడం తప్పనిసరి కాదని కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. తయారైన డబ్బాలన్నిటికీ మళ్లీ ముద్ర వేయడం అయ్యే పని కాదు కాబట్టి అందులో తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ రోజుల్లో ప్యాకెట్ మీద 118 ఉంటుంది, కట్టాల్సింది 105. కొనేవాడి చేతిలో ఉన్న ఏకైక సాక్ష్యమే తప్పు అంకె చూపిస్తుంటే, దుకాణం పట్టికలో ధర మారిందో లేదో బిల్లు వచ్చాక గానీ తెలిసే దారి లేదు.

బియ్యానిది మరో కథ. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకున్న లేబుల్ బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ వెంటనే మన మార్కెట్లలోకి 26 కిలోల బస్తా దిగింది. పన్ను తప్పింది సరే. ప్యాకేజీ నిబంధనలు కూడా 25 కిలోలు దాటిన ప్యాకింగును తమ పరిధిలో చేర్చవు. అంటే తెలుగు ఇంట నెల సరుకుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దుకు ఎమ్మార్పీ కప్పు లేదు. అక్కడ దుకాణంవాడు రాసిపెట్టిన చీటీయే ఆధారం.

పట్టుకునేదెవరు?

పొరపాట్లన్నీ దుకాణానికే లాభమనుకోవడం న్యాయం కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో స్కానర్ల మీద చేసిన పరిశీలనలో దాదాపు 20 వస్తువుల్లో ఒకదానికి తప్పు ధర పడింది. అందులో తక్కువ పడినవి, ఎక్కువ పడినవి ఇంచుమించు సరిసమానం. 1998 పరిశీలన నాటికి ఆ తప్పు 30లో ఒకటికి తగ్గింది. బయటివాళ్లు లెక్క చూస్తున్నారని తెలిస్తే దుకాణాలు పట్టిక సరిచూసుకుంటాయనడానికి అది ఆనవాలు. మన దగ్గర ఆ లెక్క చూసే పని కొనేవాడి మీదే పడింది.

ఆ పని ఎవరు చేస్తున్నారు? తప్పులు పట్టడం వృత్తిగా బతికే మనుషులు సినిమావాళ్లుండే ఈ ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఉన్నంతమంది ఇంకెక్కడా ఉండరు. పొద్దున తీసిన షాట్‌లో కాఫీ కప్పు కుడిచేతిలో ఉండి, మధ్యాహ్నం షాట్‌లో ఎడమచేతిలోకి వస్తే కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ ఇట్టే పట్టేస్తాడు. ప్రొడక్షన్ మేనేజర్ పాలప్యాకెట్ల వోచర్‌ను కూడా వదలడు. అదే మనుషులు సాయంత్రం సొంత బిల్లును మడిచి జేబులో పెట్టుకుంటారు, లేదా అక్కడి బుట్టలోనే పడేస్తారు. జూబ్లీహిల్స్ బంగళాల్లో చాలామటుకు సరుకు తెచ్చేది డ్రైవరో వంటమనిషో. మొత్తం సరిపోయిందా అన్నదే వాళ్ల పూచీ. ట్యాగు మీద ఎంత ఉందో ఇంట్లోవాళ్లకు తెలియదు. కొండ దిగి కృష్ణానగర్ వెళితే, కాల్షీటు లెక్కన బతికే జూనియర్ ఆర్టిస్టులకు, లైట్‌మెన్‌కు 36 రూపాయలు లెక్కే. అయితే అంత మెరిసే దుకాణంలో, వెనక వరుస గొణుగుతుండగా, చిన్న మొత్తానికి నోరు విప్పడం నామోషీ. ఉన్నవాడికి పట్టింపు లేదు, లేనివాడికి మొహమాటం. తప్పు ధర ఈ రెంటి నడుమ హాయిగా బతికేస్తోంది.

చట్టం ఉంది, దారి దూరం

కౌంటర్ దగ్గర చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ‘సిస్టంలో ఏ రేటుంటే అదే’ అన్న మాట చట్టం ముందు నిలబడదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 రెండో సెక్షన్ ప్రకారం, ప్యాకెట్ మీది ధరకే కాక, వ్యాపారి తాను ప్రదర్శించిన ధరల పట్టికలోని ధరకు మించి వసూలు చేసినా అది ఫిర్యాదు చేయదగిన విషయమే. 1986 నాటి పాత చట్టంలోనూ ఈ మాట ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, మనముండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఇంతా చేసి, 36 రూపాయల కోసం వాయిదాలకు తిరిగేవాడెవడు? ఆ లెక్క దుకాణానికీ తెలుసు.

మనవాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ అమెరికాలోని మిషిగన్‌లో ఈ ముడిని కౌంటర్ దగ్గరే విప్పారు. 2011 నాటి చట్టం ప్రకారం అక్కడ స్కానర్ ఎక్కువ ధర కొడితే, బిల్లుతో 30 రోజుల్లోగా అడిగినవాడికి తేడాతోపాటు దానికి పదిరెట్లు అదనంగా ఇవ్వాలి. ఆ అదనం ఒక డాలరుకు తగ్గదు, ఐదు డాలర్లకు మించదు. రెండు రోజుల్లో ఇచ్చేస్తే దుకాణం మీద కేసు ఉండదు. మొత్తం చిన్నదే. కోర్టు గడప తొక్కకుండా చేతికొస్తుంది కాబట్టి జనం అడుగుతారు, జనం అడుగుతారు కాబట్టి దుకాణం ట్యాగులు మారుస్తుంది.

దీనికి మన పద్ధతిలో రూపం ఇవ్వడం కష్టమేమీ కాదు. ట్యాగుకూ కంప్యూటర్‌కూ తేడా వస్తే తక్కువ ధరే చెల్లుతుందని, తేడాకు కొన్ని రెట్లు అక్కడికక్కడే ఇవ్వాలని ఒక నిబంధన చాలు. ప్రతి ట్యాగు మీద ఆఫర్ ముగిసే తేదీ ఉండాలి. ఒక్కో వస్తువు పడుతున్నప్పుడే కొనేవాడికి కనిపించేలా రెండో తెర అటు తిప్పి ఉండాలి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్లు కాటాకు ముద్ర చూసినట్టే, పాతిక వస్తువులు తీసి ట్యాగునూ స్కానర్‌నూ సరిపోల్చాలి. ట్యాగులు మార్చి మోసం చేసే కొనుగోలుదారులు ఉంటారని వ్యాపారులు అంటారు. ఉంటారు. అందుకే తేదీ ఉన్న ట్యాగు, పరిహారానికి పరిమితి. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో ఆనాటి నుంచీ ఉన్నది ఈ సూత్రమే. పొద్దున్నే బోర్డు మీద రాసిన ధర అందరికీ ఒక్కటే, అమ్మేవాడికీ అదే కట్టుబాటు. సుద్దముక్కతో సాధ్యమైనది కంప్యూటర్‌తో సాధ్యం కాదనడం వింతగా ఉంటుంది.

ఇంతకీ ఆ సోమవారం సూపర్‌వైజర్ కాసేపు నసిగి, ‘మీ ఒక్కరికీ అడ్జస్ట్ చేస్తాం సార్’ అని 36 రూపాయలు తగ్గించాడు. కౌంటర్ అమ్మాయి ముఖంలో గండం గడిచిన కళ. సంచి అందుకుని పక్కకు జరిగాను. నా వెనకావిడ బుట్టలో కూడా అదే నెయ్యి డబ్బా ఉంది. బీప్ మంది, 365 పడింది. ఆవిడ ఫోన్ తీసి కట్టేసింది. ర్యాకు దగ్గర పసుపుపచ్చ ట్యాగు అలాగే ఉంది.