మెరిట్ ఒక్కటే చాలదంట!

1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామనగానే నడిరోడ్డు మీద బూట్లు పాలిష్ చేసి, చీపుర్లు పట్టి ఊడ్చి నిరసన తెలిపినోళ్ళు గుర్తున్నారా? 'మెరిట్ చచ్చిపోతోంది' అని గుండెలు బాదుకున్నారు. మా అమ్మానాన్నల పనిని ఎగతాళి చేశారు. ఆ మెరిట్ పాటే పాడుకుంటూ ఎందరో అమెరికా విమానమెక్కారు. అక్కడి చట్టం వాళ్ళని ఏమడుగుతోందో మన వాడల్లో తెలియాలి. ఎందుకంటే ఇవాళ మన పిల్లలూ అక్కడున్నారు.

అక్కడ ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు కావాలంటే మామూలుగా యజమానే దరఖాస్తు పెట్టాలి. ఈ పనికి తగిన అమెరికావాడు దొరకలేదని కార్మిక శాఖ ముందు చూపించాలి. అంటే మనవాడి బతుకు కాయితం యజమాని చేతిలో! పైన మేనేజరు మన దేశపోడై, ఇంటిపేరు అడిగి, ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపని అడిగి కులం కూపీ లాగితే? ఇది మేం కల్పించి చెప్తున్నది కాదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే దళిత ఇంజనీరు విషయంలో కుల వివక్ష జరిగిందని ఒక పెద్ద కంపెనీ మీద కేసు వేసింది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు వీటో చేశాడు.

ఈ పాలేరుతనం తప్పించుకునే దోవ 1990 నాటి వాళ్ళ వలస చట్టంలోనే ఒకటుంది. పెద్ద చదువులు చదివినోళ్ళు 'జాతీయ ప్రయోజనం' కింద యజమాని లేకుండా తమ దరఖాస్తు తామే పెట్టుకోవచ్చు. 2016లో ధనసర్ కేసు తీర్పు ఇందుకు మూడు ప్రశ్నలు పెట్టింది. నువ్వు చేయబోయే పనికి గట్టి విలువా, జాతీయ ప్రాముఖ్యమూ ఉన్నాయా? దాన్ని ముందుకు నడిపే సత్తా నీకుందా? యజమాని షరతు వదిలేస్తే అమెరికాకు మేలేనా?

మెలిక మొదటి ప్రశ్నలోనే ఉంది. విలువ వేరు, జాతీయ ప్రాముఖ్యం వేరు. ధనసర్ ఇంజనీరింగులో డాక్టరేటు. ఆయన పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందన్నారు. ఆయన పాఠాలు చెప్పడం మంచి పనే గానీ, దాని ఫలం ఆ రంగమంతటికీ చేరుతుందనే రుజువు లేదన్నారు. చూశారా! డిగ్రీలు, మార్కులు రెండో ప్రశ్నకే పనికొస్తాయి. మొదట చెప్పాల్సింది, నీ పని కంపెనీ గేటు దాటి ఎవరికి చేరుతుందో. 'మా వృత్తి గొప్పది, మనుషుల కొరత ఉంది' అంటే సరిపోదు. చిన్న ఊరి పనికైనా ప్రాముఖ్యం ఉండొచ్చు; వెనకబడ్డ ప్రాంతంలో పదిమందికి పని పుట్టిస్తే అదీ లెక్కలోకొస్తుంది. కానీ అన్నిటికీ కాయితం మీద రుజువు కావాలి.

మేం అమెరికాకు భజన చేయట్లేదు. అది తన లాభమే చూసుకుంటుంది. దరఖాస్తు ఒప్పుకున్నా కార్డు చేతికి రాదు; ఒక్కో దేశానికి ఏడు శాతమనే పరిమితి వల్ల మనోళ్ళ క్యూ ఏళ్ళ తరబడి సాగుతుంది. పైగా నిపుణుల ఉత్తరాలు జతచేస్తేనే దరఖాస్తుకు బలం. తరాలుగా ప్రొఫెసర్లున్న ఇళ్ళ పిల్లలకు ఆ ఉత్తరాలు ఫోను చేస్తే వస్తాయి. తొలితరం చదువుకున్న మాదిగ పిల్లకు, మాల పిల్లాడికి ఎవరు రాస్తారు? ముందెళ్ళిన మన అన్నలు, అక్కలే రాయాలి. ఒకే రాత అందరికీ అంటించే ఏజెంట్లకు డబ్బు పోయకండి. దరఖాస్తులు కలిసి చదవండి, కలిసి దిద్దండి.

ఇక ఇక్కడి మెరిట్ దొరలకు మా ప్రశ్న. అక్కడ ఆఫీసరు 'నీ పని దేశానికేం మేలు?' అంటే వందల పేజీలు జతచేసి చేతులు కట్టుకుంటారే! ఇక్కడ పంట పండించే, చెప్పు కుట్టే, మురుగు ఎత్తే చేతుల ప్రాముఖ్యం ఎన్నడైనా అడిగారా? 1993లో చట్టం, 2013లో మళ్ళీ చట్టం. అయినా మ్యాన్‌హోళ్ళలో మనోళ్ళు చస్తూనే ఉన్నారు. వాళ్ళు దిగకపోతే మీ నగరం వారం నిలుస్తుందా? దేశానికి ఏది ముఖ్యమో తేల్చే కుర్చీలో మనమూ కూర్చునేదాకా ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటాం.

జై భీం!