జబ్బుకు కులం లేదు, వైద్యానికి ఉంది!

మన వాడలో మనిషికి ఆయాసమొచ్చి కాళ్లు వాస్తే 'తాగుడు' అంటారు, 'చేతబడి' అంటారు. గుండె సాగి, కండ పలచబడి, నెత్తురు తోడలేకపోతోందని చెప్పేవాళ్లేరీ?

గుండె కండను దెబ్బతీసే ఒక జన్యులోపం భారతీయుల్లో నూటికి సుమారు నలుగురికి ఉందని 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. దేశమంతటా కులాల, తెగల జనం నెత్తురిస్తేనే ఆ సంగతి తెలిసింది.

స్పైరొనోలాక్టోన్ అనే పాత, చవక మాత్రను మిగతా మందులకు తోడుగా ఇస్తే, గుండె బాగా దెబ్బతిన్నవాళ్లలో చావులు 30 శాతం తగ్గాయని 1999లోనే రుజువైంది.

గుండెకు ఎకో తీయకుండా జబ్బెలా తెలుస్తుంది? తెలియకుండా మాత్రెవరిస్తారు? పరిశోధనకు పనికొచ్చిన మన నెత్తురు వైద్యానికి పనికిరాదా?

ఏరియా ఆసుపత్రిలో ఎకో మిషన్, ఉచితంగా మాత్రలు: కలిసి అడుగుదాం. ఇది దయ కాదు, మన హక్కు!